మధ్యలో మొరాయించిన బీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో బీర్ చేసుకునే మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "నాలుగు రోజులు బాగా పొంగిందండీ, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పారబోయాలా?" నేను అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాను. ఇంటి బేస్‌మెంట్‌లో ఒక్కో విడతకి ఐదు గ్యాలన్లు, అంటే 19 లీటర్లు చేస్తాను. ఇక్కడి చలి పుణ్యమా అని ఆగిపోయిన బీర్‌తో నాకు మంచి పరిచయమే ఉంది. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

లెక్కల గురించి ఒక మాట. గ్రావిటీ అంటే నీళ్ళతో పోలిస్తే బీర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, చక్కెర పులిసేకొద్దీ అది దిగుతుంది. అది 1.026 నుంచి 1.025కి దిగితే దాన్ని ఒక పాయింటు అంటున్నాను. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఇచ్చాను.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోయాయి. బీర్ ఆగిపోయినట్టేనా?

అలా అనుకోకండి. ఎయిర్‌లాక్ అంటే మూత మీద ఉండే, గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీటి గొట్టం. ప్లాస్టిక్ బకెట్ మూత ఒక్కచోట సరిగా కూర్చోకపోయినా గ్యాస్ ఆ సందులోంచి వెళ్ళిపోతుంది, ఎయిర్‌లాక్‌లో చప్పుడే ఉండదు. లోపల ఈస్ట్ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పులియడం పూర్తయిన బీర్‌ కూడా గది కాస్త వేడెక్కితే బుడగలు వదులుతుంది, ఎందుకంటే అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. కాబట్టి బుడగలున్నా, లేకపోయినా వాటిని బట్టి ఏదీ తేల్చలేం.

తేల్చేది హైడ్రోమీటర్, అంటే బీర్‌లో తేలుతూ గ్రావిటీ చూపించే గాజు గొట్టం, ఒక్కటే. ఈ రోజు కొలవండి, మూడు రోజులాగి మళ్ళీ కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె వచ్చి, అది ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువగా ఉంటేనే ఆగిందని అర్థం. ఒక్క పాయింటు తగ్గినా అది నడుస్తున్నట్టే, దాని జోలికి వెళ్ళొద్దు.

హైడ్రోమీటర్ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

సరిగ్గా వాడితే పూర్తిగా నమ్మొచ్చు. ముందు దాన్ని మామూలు నీళ్ళలో వేసి చూడండి, 1.000 చూపించాలి. నాలుగు పాయింట్లు తేడా చూపించే హైడ్రోమీటర్లు నేను చూశాను. లోపలి కాగితం కాస్త జారితే చాలు, ఆ తేడా వచ్చేస్తుంది. ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రతకి తయారై ఉంటుంది. కొన్నింటికి 15.6 డిగ్రీలు, కొన్నింటికి 20 డిగ్రీలు. అది లోపలి కాగితం మీదే రాసి ఉంటుంది. నమూనా 30 డిగ్రీల వేడి మీద ఉంటే రెండు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది.

ఇంకొక చిక్కు గ్యాస్‌తో. పులుస్తున్న బీర్‌లోని బుడగలు హైడ్రోమీటర్‌కి అంటుకుని దాన్ని పైకి లేపుతాయి, దాంతో అంకె ఎక్కువ కనిపిస్తుంది. నమూనాని రెండు గ్లాసుల మధ్య, టీ చల్లార్చినట్టు, ఏడెనిమిది సార్లు తిరగబోయండి. తర్వాత హైడ్రోమీటర్‌ని వేలితో ఒకసారి గిర్రున తిప్పి వదిలి, అది నిలిచాక చూడండి. కొలిచిన నమూనాని మళ్ళీ ఫర్మెంటర్‌లో, అంటే బీర్ పులిసే బకెట్‌లో, పోయకండి, తాగి చూడండి. బాగా తియ్యగా ఉంటే చక్కెర మిగిలి ఉందని నాలుకే చెబుతుంది.

నా రిఫ్రాక్టోమీటర్ వారం నుంచి 1.026 దగ్గరే ఉంది. ఏం చేయాలి?

చాలావరకు ఏమీ చేయక్కర్లేదు. నన్ను అడిగే "ఆగిపోయిన" బీర్లలో చాలా వాటి కథ ఇదే. రిఫ్రాక్టోమీటర్ కాంతి ఎంత వంగిందో చూసి చక్కెర లెక్క చెబుతుంది. పులియడం మొదలయ్యాక అందులో ఆల్కహాల్ కూడా ఉంటుంది, అది కూడా కాంతిని వంచుతుంది. అందుకే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

ఉదాహరణకి 1.050 దగ్గర, అంటే 12.4 బ్రిక్స్ (చక్కెర శాతం చెప్పే కొలత) దగ్గర మొదలైన బీర్ చక్కగా 1.012కి దిగిందనుకోండి. అప్పుడు రిఫ్రాక్టోమీటర్‌లో సుమారు 6.7 బ్రిక్స్ కనిపిస్తుంది. దాన్ని నేరుగా గ్రావిటీలోకి మార్చుకుంటే 1.026 అని వస్తుంది. బీర్ పూర్తయి కూర్చుంది, మీరేమో టెన్షన్ పడుతున్నారు. మొదటి బ్రిక్స్, ఇప్పటి బ్రిక్స్ రెండూ తీసుకుని సరిచేసే కాలిక్యులేటర్లు ఉన్నాయి, వాటితో దాదాపు సరైన అంకె వస్తుంది. అయినా చివరి అంకెకి హైడ్రోమీటర్ వాడటమే నాకిష్టం.

అసలు ఎంతవరకు దిగాలి?

ఈస్ట్ ప్యాకెట్ మీద అటెన్యుయేషన్ అని, మొదటి గ్రావిటీ పాయింట్లలో ఎన్ని దిగుతాయో చెప్పే శాతం ఒకటి ఉంటుంది. మామూలు ఏల్ (వెచ్చగా పులిసే బీర్) ఈస్ట్‌లకి 73 నుంచి 80 మధ్యలో ఉంటుంది. మొదలైన గ్రావిటీ 1.060 అయితే 60 పాయింట్లు. అందులో 75 శాతం అంటే 45 పాయింట్లు దిగాలి, చివరికి 1.015. ఇది ఒక అంచనా మాత్రమే. రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయితే ఆగిపోయిందని గోల చేయక్కర్లేదు. మీది హైడ్రోమీటర్‌లో కూడా 1.026 దగ్గర ఉంటే 57 శాతం కూడా దాటలేదన్నమాట. అప్పుడు ఆలోచించాలి.

ఎందుకు ఆగుతుంది?

కారణాలు చాలానే ఉన్నాయి గానీ, మన ఇళ్ళలో అన్నిటికన్నా ముందుండేది ఉష్ణోగ్రత. పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది. గది 18 డిగ్రీలుంటే ఫర్మెంటర్ లోపల 21, 22 దాకా పోతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో ఉధృతి తగ్గుతుంది, ఆ వేడి కూడా తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే రాత్రి చలి తోడైతే బీర్ ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు పడిపోతుంది. ఈస్ట్ దాన్ని పని ముగించే సమయంగా తీసుకుంటుంది. ఒకదానికొకటి అంటుకుని గుంపులై అడుక్కి దిగి నిద్రపోతుంది. పైన చక్కెర అలాగే మిగిలిపోతుంది.

రెండోది, మొదట్లో వేసిన ఈస్ట్ చాలకపోవడం, లేదా పాతబడి ఉండటం. కొద్దిపాటి కణాలే అన్ని తరాలూ పుట్టించుకోవాలి. ప్రతి తరానికీ కణం చుట్టూ ఉన్న పొర బలహీనపడుతుంది, చివరికి వచ్చేసరికి ఆల్కహాల్‌ని తట్టుకునే ఓపిక ఉండదు. ఆ పొర కట్టుకోవడానికే ఈస్ట్‌కి మొదటి రోజు ఆక్సిజన్ కావాలి. వోర్ట్‌ని, అంటే ఇంకా పులియని తియ్యటి రసాన్ని, గంటసేపు మరిగిస్తే అందులోని ఆక్సిజన్ అంతా పోతుంది. చల్లారాక గట్టిగా కుదిపి మళ్ళీ ఎక్కించకపోతే, దాని ఫలితం ఐదో రోజున తెలుస్తుంది.

మూడోది చాలామందికి తట్టదు: చక్కెర. ఈస్ట్ ముందు గ్లూకోజ్ తింటుంది, తర్వాత మాల్టోజ్, ఆఖర్న మాల్టోట్రయోజ్. బెల్జియన్ ట్రిపెల్ లాంటి బీర్‌లో కిలో చక్కెర మొదట్లోనే కుమ్మరిస్తే, ఈస్ట్ ఆ తేలిక తిండికి అలవాటు పడి మాల్టోజ్ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఆ చక్కెరని రెండు మూడు రోజులయ్యాక, పులియడం జోరు మీద ఉన్నప్పుడు వేస్తే ఈ తంటా ఉండదు.

ఇక నాలుగోది, ఈస్ట్ తప్పే లేకపోవడం. మిగిలిన చక్కెర అసలు పులిసే రకమే కాదు. దాని గురించి విడిగా చెప్పాలి.

పులియని చక్కెర అంటే ఏమిటి? నా బీర్‌లో ఉన్నది అదేనని ఎలా తెలుస్తుంది?

మాల్ట్‌లోని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోని, పిండిపదార్థాన్ని వేడినీళ్ళలో ఎంజైములు చక్కెరలుగా విరగ్గొడతాయి. 60 నుంచి 65 డిగ్రీల మధ్య బీటా అమైలేజ్ బాగా పనిచేసి ఈస్ట్ తినగలిగే మాల్టోజ్‌ని ఇస్తుంది. 70 డిగ్రీలు దాటితే అది త్వరగా చచ్చిపోతుంది, ఆల్ఫా అమైలేజ్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు పెద్ద పెద్ద డెక్స్‌ట్రిన్లు ఎక్కువగా వస్తాయి. ఈస్ట్‌కి అవి కొరుకుడు పడవు. మ్యాష్, అంటే మాల్ట్‌ని ఇలా వేడినీళ్ళలో నానబెట్టడం, 67 అనుకుని చేసింది నిజానికి 71 దగ్గర జరిగితే, ఆ బీర్ 1.022 దగ్గర ఆగిందంటే న్యాయంగానే ఆగింది. మీ థర్మామీటర్‌ని ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో ఈ రోజే చూడండి.

మిల్క్ స్టౌట్ అనే నల్ల బీర్‌లో వేసే లాక్టోజ్‌ని (పాల చక్కెర) బీర్ ఈస్ట్ ముట్టుకోదు. క్రిస్టల్ మాల్ట్ ఎక్కువైనా, మాల్టోడెక్స్‌ట్రిన్ వేసినా అంతే. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (మాల్ట్ రసాన్ని గాఢపరిచిన పాకం లేదా పొడి) చేసేవాళ్ళకి 1.020 దగ్గర ఆగడం ఎంత మామూలంటే, దానికి "1.020 శాపం" అనే పేరే ఉంది. పాత ఎక్స్‌ట్రాక్ట్, తక్కువ ఈస్ట్, తక్కువ గాలి మూడూ కలిస్తే అలా అవుతుంది.

ఇది తేల్చడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది, నేనైతే ఏ మందూ వేయకముందు ఇదే చేస్తాను. ఆగిన బీర్‌లోంచి శుభ్రమైన సీసాలోకి 300 మిల్లీలీటర్లు తీసుకోండి. దానికి కొత్త డ్రై ఈస్ట్ బాగా ఎక్కువగా, ఒక టీస్పూను, వేయండి. మూతిని రేకుతో వదులుగా కప్పి 25 నుంచి 27 డిగ్రీల వెచ్చని చోట పెట్టండి. వెళ్తూ వస్తూ కుదుపుతూ ఉండండి. రెండు మూడు రోజులయ్యాక తేరనిచ్చి గ్రావిటీ చూడండి. సీసాలోది 1.014కి దిగి ఫర్మెంటర్‌లోది 1.022 దగ్గరే ఉంటే, తిండి ఉంది గానీ మీ ఈస్ట్ తినలేకపోతోంది. సీసాలోది కూడా 1.022 దగ్గరే నిలిస్తే బీర్ పులియడం పూర్తయింది, ఇక చేయాల్సిందేమీ లేదు.

సరే, నిజంగానే ఆగింది. మొదట ఏం చేయాలి?

వెచ్చబెట్టండి, మెల్లగా కదపండి. ముందు ఈ రెండూ చేశాకే మిగతావి.

నా ఓట్‌మీల్ స్టౌట్ సంగతి చెబుతాను. డిసెంబరు, 1.060 దగ్గర మొదలైంది. ఈస్ట్ ఎస్-04. నాలుగు రోజులు నురగ మూత దాకా వచ్చింది. ఆ వారాంతం ఊరెళ్తూ హీటర్ తగ్గించి వెళ్ళాం. తిరిగొచ్చి చూస్తే బకెట్‌కి అంటించిన థర్మామీటర్ పట్టీ మీద 14 దగ్గర వెలుగుతోంది. నురగ పూర్తిగా పడిపోయింది, గోడలకి గోధుమ రంగు చార ఒక్కటే మిగిలింది. గ్రావిటీ 1.028. మూడు రోజులాగి చూసినా 1.028.

బకెట్ నేరుగా కాంక్రీటు నేల మీద ఉంది. ఆ నేల కింది నుంచి చలిని పీల్చి బకెట్‌కి ఇస్తోంది. ముందు దాన్ని ఎత్తి పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో పెట్టాను, సగం దాకా నీళ్ళు పోశాను, చేపల తొట్టిలో వాడే హీటర్ వేసి 21కి పెట్టాను. రోజుకి రెండు డిగ్రీల లెక్కన పైకి వచ్చింది. మూత తీయకుండానే బకెట్‌ని రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా, మజ్జిగ కుండని ఒరిపినట్టు, నెమ్మదిగా తిప్పాను. అడుగునున్న మడ్డి పొగలా లేచి బీర్‌లో కలిసేదాకా, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. రెండో రోజు రాత్రి చెవి ఆనించి వింటే లోపల సన్నగా చిటపటమని వినిపించింది. ఐదో రోజుకి 1.020. తొమ్మిదో రోజుకి 1.016, అక్కడ నిలిచింది.

అమెరికాలో చలికాలం ఇడ్లీ పిండి పొంగకపోతే ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచుతాం కదా, అదే పని. ఒకటే తేడా, బీర్‌ని మరీ వేడెక్కించకూడదు. ఏల్‌కి 20 నుంచి 22 చాలు. చాలావరకు ఘాటు వాసనలు మొదటి మూడు రోజుల్లోనే పుడతాయి కాబట్టి ఈ దశలో రెండు మూడు డిగ్రీలు పెంచితే రుచి చెడదు. వారం రోజులు సమయమివ్వండి.

కుదిపేటప్పుడు గాలి కలవడం మంచిదే కదా?

ఈ దశలో కాదు. ఆక్సిజన్ మేలు చేసేది మొదటి రోజే. ఆల్కహాల్ వచ్చాక గాలి కలిస్తే కొన్ని వారాల్లో బీర్‌కి తడి అట్టముక్క వాసన వస్తుంది. అందుకే మూత తీసి గరిటెతో కలపొద్దని పదే పదే చెబుతాను.

ఈస్ట్‌లో తొందరగా అడుక్కి దిగిపోయే రకాలు అని ఉంటాయా?

ఉంటాయి. ఎస్-04, వైయీస్ట్ 1968 లాంటి ఇంగ్లీష్ ఈస్ట్‌లు గట్టిగా ముద్దకట్టి త్వరగా అడుక్కి దిగుతాయి. బీర్ తేటగా రావడానికి అది మంచి గుణం, చలి తగిలినప్పుడు మాత్రం అదే ముంచుతుంది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ స్క్వేర్ అనే పాత పద్ధతి ఇలాంటి ఈస్ట్‌తోనే నడుస్తుంది. పలకరాయి తొట్టెల్లో పులుస్తున్న బీర్‌ని కింది నుంచి పంపుతో తోడి మళ్ళీ పైన పోస్తారు, దిగిపోయే ఈస్ట్‌ని అలా లేపుతూ ఉంటారు. టాడ్‌కాస్టర్‌లోని శామ్యూల్ స్మిత్ బ్రూవరీ ఇంకా ఈ పద్ధతి వాడుతోంది. యూఎస్-05 లాంటి అమెరికన్ ఈస్ట్‌లు ఇంత త్వరగా దిగవు.

ఇంకో ఈస్ట్ ప్యాకెట్ చింపి పైన చల్లేస్తే సరిపోదా?

ఎక్కువసార్లు సరిపోదు, డబ్బు దండగ. ఐదు శాతం ఆల్కహాల్ ఉండి, ఆక్సిజన్ లేక, తేలిక చక్కెరలు అయిపోయిన చోట పొడి ఈస్ట్ దిగితే ఎదిగే వీలు లేదు. చాలా కణాలు లేవకుండానే పోతాయి.

దానికి బదులు తోడు వేయండి. పాలు తోడుకోవాలంటే నిన్నటి బతికున్న పెరుగు కావాలి, ఇక్కడా అంతే: అప్పటికే పొంగుతూ ఉన్న ఈస్ట్ కావాలి. లీటరు నీళ్ళలో 100 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి పది నిమిషాలు మరిగించండి. గ్రావిటీ సుమారు 1.037 ఉంటుంది. 20 డిగ్రీలకి చల్లార్చి, శుభ్రం చేసిన సీసాలో పోసి, బాగా కుదిపి, కొత్త ఈస్ట్ ప్యాకెట్ వేయండి. పన్నెండు గంటలు దాటాక నురగ తలపాగాలా లేస్తుంది. అప్పుడు ఆగిన బీర్‌లోంచి ఒక గ్లాసు తీసి ఈ తోడులో కలపండి. ఆల్కహాల్ అలవాటు కావడానికే ఇది. మూడు నాలుగు గంటల్లో మళ్ళీ పొంగు కనిపిస్తే, ఇక ఆలస్యం చేయకుండా మొత్తం ఫర్మెంటర్‌లో పోసేయండి. పొంగు తగ్గేదాకా ఆగితే తోడు వేసిన ఫలం ఉండదు. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి, 21 దగ్గర ఉంటే మంచిది.

స్నేహితుల ఇంట్లో వేరే బీర్ జోరుగా పులుస్తూ ఉంటే దాని నురగ మీద నుంచి లీటరు అడిగి తెచ్చుకోండి, అది ఇంకా మేలు.

షాంపేన్ ఈస్ట్ వేయమన్నారు. ఆల్కహాల్ బాగా తట్టుకుంటుందట కదా?

తట్టుకుంటుంది గానీ, ఇక్కడ పనికొచ్చేది తక్కువ. ఈసీ-1118 లాంటి వైన్ ఈస్ట్‌లు ద్రాక్షలోని తేలిక చక్కెరలకి అలవాటు పడ్డవి, మాల్టోట్రయోజ్‌ని సరిగా తినలేవు. ఆగిపోయిన బీర్‌లో చివరికి మిగిలేది ఎక్కువగా అదే. పైగా ఈ రకం ఇతర ఈస్ట్‌ని చంపే పదార్థం విడుదల చేస్తుంది, ఉన్న బీర్ ఈస్ట్ కూడా దెబ్బతింటుంది. ఒక పాయింటో రెండో దిగి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. బాగా తినే ఏల్ ఈస్ట్ ఏదైనా తోడుగా వేయడమే మంచిది.

ఈస్ట్ న్యూట్రియెంట్ వేస్తే లేస్తుందా?

మాల్ట్‌తో చేసిన బీర్‌లో మొదటి రోజు చిటికెడు వేస్తే మంచిది, ముఖ్యంగా జింక్ కోసం. ఆగిపోయాక వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. తేనె, చక్కెర సగం దాకా ఉన్నవాటిలో మాత్రం పోషకాలు తక్కువ కాబట్టి తోడు చేసేటప్పుడు అందులో కలపండి.

ఎంజైమ్ పొడి వేస్తే?

గ్లూకోఅమైలేజ్ వేస్తే డెక్స్‌ట్రిన్లు కూడా విరిగి బీర్ 1.000 కన్నా కిందికి పోవచ్చు. బ్రూట్ ఐపీఏ అనే తీపి లేని బీర్ చేసేది అలాగే. కానీ ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉండదు. నోటికి నిండుగా తగలాల్సిన స్టౌట్ నీళ్ళలా అయిపోతుంది. నేను దీన్ని చివరి మందుగా కూడా లెక్కలోకి తీసుకోను. 1.020 దగ్గర ఆగిన బీర్‌ని అలాగే తాగడానికే ఇష్టపడతాను.

సైసాన్ (బెల్జియన్ ఏల్) 1.035 దగ్గర ఆగిపోయింది!

వైయీస్ట్ 3724 వాడారా? దీనికి ఆ పేరు ఉంది. మూడు నాలుగు రోజులు దూకి, 1.035 దగ్గర పడుకుంటుంది. బెల్జియంలోని డ్యూపాంట్ బ్రూవరీ నుంచి వచ్చిందని బ్రూయర్లు చెప్పుకునే ఈస్ట్ ఇది, వేడి దీనికి ప్రాణం. 30 నుంచి 32 దాకా తీసుకెళ్ళండి, అక్కడే ఉంచండి, రెండు మూడు వారాలు పట్టినా 1.005 దగ్గరికి దిగుతుంది. మిగతా ఏల్‌లకి ఇచ్చిన 22 డిగ్రీల సలహా దీనికి వర్తించదు.

లాగర్ ఆగితే?

10 నుంచి 12 డిగ్రీల మధ్య పులిసే లాగర్ నిదానంగానే నడుస్తుంది, దాన్ని చూసి ఆగిందనుకోకండి. నిజంగా ఆగితే 17, 18కి పెంచండి. డయాసిటైల్ అనే పదార్థం ఇచ్చే వెన్న వాసన పోవడానికి చివర్లో ఎలాగూ పెంచుతాం, అది కొంచెం ముందు చేసినట్టు.

మిగిలింది కొంచెమే కదా, సీసాల్లో పోసేయొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

సీసాలో ఒక పాయింటు గ్రావిటీ పులిస్తే సుమారు అర వాల్యూమ్ కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది (లీటరు బీర్‌లో లీటరు గ్యాస్ కరిగి ఉంటే ఒక వాల్యూమ్). మామూలు బీర్‌లో రెండున్నర వాల్యూములు ఉంటాయి. దాని కోసమే 19 లీటర్లకి 120 గ్రాముల చక్కెర కలుపుతాం. మీ బీర్ 1.014కి దిగాల్సింది 1.020 దగ్గర నిద్రపోయి ఉందనుకోండి. సీసాల్లో పోయడానికి కదిపారు, చక్కెర వేశారు, వెచ్చని అల్మారాలో పెట్టారు. ఇవన్నీ ఈస్ట్‌ని లేపే పనులే. అది లేచి మిగిలిన ఆరు పాయింట్లు కూడా తింటే ఇంకో మూడు వాల్యూములు. మొత్తం ఐదున్నర. షాంపేన్ సీసా అయితే ఆ ఒత్తిడికి నిలుస్తుందేమో గానీ మామూలు బీర్ సీసా నిలవదు. పగిలిన గాజు గదిలో ఎంత దూరమైనా ఎగురుతుంది. పిల్లలుండే ఇల్లు మనది.

ఇప్పటికే పోసేసి ఉంటే, సీసాలున్న పెట్టె మీద మందపాటి దుప్పటి కప్పండి. కళ్ళద్దాలు, చేతికి గట్టి గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఒక్కొక్కటీ ఫ్రిజ్‌లోకి మార్చండి. బాగా చల్లబడ్డాక ఒక్కొక్క మూత కొంచెం సడలించి గ్యాస్ వదలండి.

వాసన తేడాగా ఉంది. చెడిపోయి ఆగిందా?

చెడిపోయిన బీర్ సాధారణంగా ఆగదు, ఇంకా కిందికి దిగుతుంది. పైన తెల్లటి పొర, వెనిగర్ ఘాటు ఉంటే అది వేరే సమస్య. ఈస్ట్‌ని లేపే ప్రయత్నాలు దానికి పనికిరావు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ లైసెన్సు లేకుండా బీర్ తయారు చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఇంటి కోసమే అయినా సరే. ఇక్కడి కిట్ తీసుకెళ్ళి అక్కడ చేద్దామని అడిగేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను.

అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇది ఫెడరల్ స్థాయిలో అనుమతి పొందింది. ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి పెద్దవాళ్ళున్న ఇంటికి 200 గ్యాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల నియమాలు వేరు. మిసిసిపీ, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మీరున్న చోట నియమం ఏమిటో చూసుకోండి.

మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి?

ఈస్ట్ వేసే రోజు కొంచెం ఖర్చుకి వెనకాడకండి. 11.5 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్ 19 లీటర్లకి 1.060 వరకు సరిపోతుంది, అంతకన్నా గాఢంగా ఉంటే రెండు వేయండి. లిక్విడ్ ఈస్ట్ అయితే తేదీ చూడండి. చాలా ప్యాకెట్లలో కొత్తగా ఉన్నప్పుడు 10 వేల కోట్ల కణాలుంటాయి, 1.050 బీర్ 19 లీటర్లకి కావాల్సింది 17 వేల కోట్లకు పైగా. నెలలు గడిచేకొద్దీ ఆ ఉన్నవి కూడా తగ్గుతాయి. ముందురోజే తోడు చేసుకోండి. వోర్ట్ చల్లారాక బకెట్‌ని ఐదు నిమిషాలు చేతులు నొప్పెట్టేలా కుదపండి.

నురగ పడటం మొదలైన రోజున ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెంచడం నేను ఆ స్టౌట్ తర్వాత నేర్చుకున్న అలవాటు. బకెట్ కింద చెక్క పలక కూడా అప్పటి నుంచే ఉంటోంది. వేసవిలో గది 30 దాటే ఊళ్ళలో ఉండేవాళ్ళు, టెక్సస్‌లోనో అరిజోనాలోనో, క్వైక్ ఈస్ట్ ప్రయత్నించండి. నార్వే పల్లెల నుంచి వచ్చిన ఈ ఈస్ట్ 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులుస్తుంది. న్యూట్రియెంట్ మాత్రం మరవొద్దు, పోషకాలు తగ్గితే ఇది కూడా మొరాయిస్తుంది.

ఆగి మళ్ళీ నడిచిన బీర్ రుచి ఎలా ఉంటుంది?

ఆ స్టౌట్‌ని 1.016 దగ్గర ఇంకో వారం ఉంచి, గ్రావిటీ మరో రెండుసార్లు చూసి, అప్పుడు సీసాల్లో పోశాను. సంక్రాంతి దాటిన వారం మొదటి సీసా తీశాం. నురగ లేత గోధుమ రంగులో గ్లాసు చివరి దాకా నిలిచింది. కాఫీ గింజలు వేయించిన వాసన, ఓట్స్ నునుపు. తియ్యదనం అనుకున్న దానికన్నా ఒక వీసం ఎక్కువ, అంతే. పక్కింటాయన రెండో గ్లాసు అడిగి మరీ పోయించుకున్నారు.